ఇటలీ బ్లాక్ మెటల్‌లో ఆ చీకటి ఎక్కణ్ణుంచి వస్తోంది? గుంటూరు నుంచి ఒక ప్రశ్న

మిర్చియార్డు_రాత్రి (గుంటూరు)

అందరికీ నమస్తే. నేను ఏటుకూరు రోడ్డు వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో నైట్ షిఫ్ట్ ఆపరేటర్‌ని. కంప్రెసర్ గేజులు చూసుకోవడం, గంటకోసారి ఛాంబర్ల టెంపరేచర్ రిజిస్టర్‌లో రాయడం, అంతే పని. మిగతా టైమంతా చెవిలో మెటల్ మోగుతూనే ఉంటుంది. ఇంటర్ రోజుల నుంచీ అలవాటు. చాలాకాలం నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్లే విన్నాను, అదే చావు, సైతాను, చీకటి చుట్టూ తిరిగే మెటల్.

ఈ మధ్య ఇటలీ వైపు మళ్లాను. మొదట మార్చురీ డ్రేప్ వాళ్ల ‘ఆల్ ద విచెస్ డాన్స్’, తర్వాత ఒపెరా నైన్ వాళ్ల ‘సాక్రో కల్టో’. అప్పటి నుంచి ఇంకేం వినబుద్ధి కావడం లేదు. నార్వే వాళ్లది వింటుంటే మనం బయట ఎక్కడో నిలబడి ఉన్నట్టు ఉంటుంది. గాలి, మంచు, దూరం. ఇటలీ వాళ్లది వింటుంటే తలుపులేసిన గదిలో ఉన్నట్టు ఉంటుంది. పక్క గదిలో ఎవరో ఏదో తంతు చేస్తున్నారు, మనకి గోడ అవతల నుంచి వినపడుతోంది. వేగం తక్కువే, అరుపులూ అంత ఎక్కువేం కావు. అయినా వెన్నులో వణుకు వీళ్లతోనే పుడుతోంది. ఎందుకో తెలుసుకోవాలని ఉంది.

ఊరికే తెలుసుకోవడానికి కాదు. నేనూ, బెజవాడలో ఉండే నా ఫ్రెండూ కలిసి ఒక డెమో (మొదటి నమూనా రికార్డింగు) చేద్దామనుకుంటున్నాం. నాది గిటార్. వాడు పెళ్లిళ్ల బ్యాండ్లో ప్యాడ్స్ వాయిస్తాడు, డ్రమ్స్ కూడా బాగా తెలుసు. పాటలు తెలుగులోనే రాస్తున్నా. ఇప్పటిదాకా ఫోన్లో రికార్డ్ చేసుకున్నవి వింటే గోల ఉంది కానీ చీకటి లేదు.

ఇంకో సంగతి. మొన్న మా అమ్మ నా ఫోన్లో ఆల్బమ్ బొమ్మ చూసింది. సమాధులు, కొవ్వొత్తులు, ముసుగులు. “చేతబడి పాటలేంట్రా ఇవి?” అంది. తిట్టలేదు. కానీ అప్పటి నుంచి నేను డ్యూటీకి బయల్దేరేటప్పుడు నుదుట విభూతి పెట్టి మరీ పంపిస్తోంది. ఆవిడకి ఏం చెప్పాలో కూడా ఎవరన్నా చెప్పండి.


బెజవాడ_బేస్

బ్రో, ముందు ఇవి విను. నెక్రోడెత్ ‘ఇన్‌టు ద మకాబర్’ (1987, జెనోవా వాళ్లు). బుల్‌డోజర్ ‘ద డే ఆఫ్ రాత్’ (1985, మిలాన్). అబోరిమ్ ‘కలియుగ బిజార్’ (1999, రోమ్). పేరు చూసి ఆశ్చర్యపోకు, మన కలియుగమే అది. కానీ అబోరిమ్‌ది మెషీన్ల చీకటి, నువ్వడిగే గది చీకటి కాదు. నువ్వడిగేది కావాలంటే మార్చురీ డ్రేప్ ‘సీక్రెట్ సుడారియా’ (1997) హెడ్‌ఫోన్లో పెట్టుకుని బేస్ ఒక్కటే ఫాలో అవ్వు. మిగతాది పెద్దవాళ్లు చెప్తారు.


గవర్నరుపేట_స్టూడియో (విజయవాడ)

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాక రెండు ఆల్బమ్‌లూ మళ్లీ స్టూడియో స్పీకర్లలో పెట్టి విన్నాను. నాది చిన్న రికార్డింగ్ గది. సీజన్‌ని బట్టి భవానీ దీక్ష పాటలు, క్రిస్మస్ ముందు క్రైస్తవ గీతాలు, మధ్యలో జానపదాలు. రోజంతా వేరేవాళ్ల భక్తిని మైకులో పట్టడమే నా పని. అందుకేనేమో ఈ ఇటలీ వాళ్ల సంగతి నాకు దగ్గరగా అనిపిస్తుంది. వాళ్లదీ పూజే, తిరగేసిన పూజ. తంతు ఎలా ఉంటుందో లోపలి నుంచి తెలిసినవాళ్లు చేసిన సంగీతం అది.

ముందు శబ్దం సంగతి చెప్తాను. నార్వే రికార్డుల్లో గిటారు పైస్థాయిలో గీరుకుంటూ పోతుంది, బేస్ ఉందో లేదో తెలీదు. డార్క్‌థ్రోన్ వాళ్లు 1994లో వచ్చిన ఆల్బమ్‌ని ఇంట్లో నాలుగు ట్రాకుల మెషీన్ మీద చేశారు. ఆ పల్చదనమే వాళ్లకి చలి తెచ్చింది. మార్చురీ డ్రేప్ దానికి పూర్తిగా ఎదురు. బేస్ గిటారు ముందుకొచ్చి నడుస్తుంది. తీగ మీద దెబ్బ పడ్డ శబ్దం కూడా వినపడుతుంది. డ్రమ్స్ ఒక వేగం పట్టుకుని ఉండిపోవు. పరిగెత్తుతాయి, తగ్గుతాయి, ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఆ ఆగిన చోట గొంతు గుసగుసలోకి దిగుతుంది. నీకు గోడ అవతల ఎవరో ఉన్నట్టు అనిపించేది ఆ చోటుల్లోనే. వేగంగా కొడుతున్నంతసేపూ మనిషికి భయం వేయదు, ఒంట్లో ఊపు వస్తుంది. భయం వేయాలంటే పాట ఆగాలి. తర్వాత ఏమొస్తుందో తెలియని ఒక క్షణం ఉండాలి.

ఆ బ్యాండ్ 1986లో మొదలైంది, పియమాంట్ ప్రాంతంలోని అలెస్సాండ్రియా అనే ఊళ్లో. అంటే నార్వే వాళ్లు లోకానికి తెలియడానికి కొన్నేళ్ల ముందు. కాబట్టి వీళ్లు నార్వేని చూసి నేర్చుకున్నవాళ్లు కారు. ఎనభైల నాటి హెవీ మెటల్ నడక వాళ్ల రిఫ్‌లలో (మళ్లీమళ్లీ వచ్చే గిటారు వరసల్లో) అలాగే ఉండిపోయింది. ఇంకో తేడా పాటల విషయంలో. దేవుణ్ణి తిట్టడం మీద వీళ్లకి పెద్ద ఆసక్తి లేదు. చనిపోయినవాళ్లని పిలవడం, ఆత్మ ఒంట్లోంచి బయటికెళ్లి తిరగడం, అద్దంలోకి చూస్తూ అవతలివాళ్లతో మాట్లాడటం, ఇవే వాళ్ల వస్తువులు. 2023లో వచ్చిన ఆల్బమ్ పేరు కూడా ‘బ్లాక్ మిర్రర్’. ముప్పై ఏళ్లు దాటినా అదే గదిలో కూర్చుని అదే దీపం వెలిగించుకుంటున్నారు. ఆ పట్టుదల నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

అసలు ఇటలీలో ఈ దారి మెటల్ కంటే పాతది. 1972లో యాకులా అనే బృందం చర్చి ఆర్గన్ చుట్టూ ఒక ఆల్బమ్ చేసింది, పేరు కూడా లాటిన్‌లోనే. డ్రమ్స్ దాదాపు ఉండవు. ఆర్గన్, దాని మీద ఒక ఆడగొంతు, మంత్రం చదువుతున్నట్టు. దయచేసి అది రాత్రి డ్యూటీలో విను. తర్వాత గోబ్లిన్ బృందం, దారియో అర్జెంతో సినిమాలకి 1975లోనూ 1977లోనూ చేసిన సంగీతం. చిన్నపిల్లల జోలపాట లాంటి వరస, దాని కింద ఊపిరి శబ్దాలు, గుసగుసలు. అదే 1977లో పెసారో అనే ఊళ్లో స్టీవ్ సిల్వెస్టర్, పాల్ చెయిన్ కలిసి డెత్ ఎస్‌ఎస్ పెట్టారు. వేదిక మీదే భయానక నాటకం ఆడేవాళ్లు. ఇటలీలో తర్వాత వచ్చిన చీకటి బ్యాండ్లలో చాలావాటికి పెద్దదిక్కు వాళ్లే.

పాల్ చెయిన్ సంగతి నీకు పనికొస్తుంది. బ్యాండ్ వదిలి సొంతంగా చేసిన పాటల్లో ఆయన చాలాచోట్ల ఏ భాషా పాడలేదు. అర్థం లేని శబ్దాలు, అప్పటికప్పుడు నోటికొచ్చినవి. వింటే మాత్రం ఎంతో అర్థం ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి తెలుగులో రాస్తే లోకానికి అర్థం కాదేమో అన్న బెంగ నీకొద్దు. సిసిలీ వాళ్లు ఇంక్యువాటు తమ సిసిలియన్ యాసలోనే పాడతారు. అబ్రుత్సో నుంచి ద బ్లాక్ అనే బ్యాండ్ లాటిన్‌లో పాడుతుంది. నీ మాట నీ నోట్లోంచి సహజంగా వస్తేనే బరువుంటుంది.

ఒపెరా నైన్ గురించి. వాళ్లదీ పియమాంటే, బియెల్లా అనే ఊరు, ఆల్ప్స్ కొండల కింద. 1988లో మొదలయ్యారు. నువ్వు విన్న ‘సాక్రో కల్టో’ 1998ది, పాడింది కడవేరియా. ఆడమనిషి గొంతు అని ముందే తెలియకపోతే పోల్చుకోవడం కష్టం. అందులో రెండో పాట ఒక పాత వాల్‌నట్ చెట్టు గురించి. ఇటలీ దక్షిణాన బెనెవెంతో అనే ఊళ్లో, నది ఒడ్డున ఒక వాల్‌నట్ చెట్టు కింద మంత్రగత్తెలు రాత్రిళ్లు చేరేవారని వందల ఏళ్లుగా చెప్పుకుంటారు. క్రైస్తవం వచ్చాక ఒక బిషప్పు ఆ చెట్టు కొట్టించేశాడని కూడా కథ. మన ఊళ్లో చింతచెట్టు కిందికి చీకటిపడ్డాక వెళ్లొద్దంటారు చూడు, సరిగ్గా అలాంటి చెట్టు. ఆ పాటకి బలం అక్కడుంది. ఎక్కడో పుస్తకంలో చదివిన సైతాను కాదు, ఊరందరికీ తెలిసిన చెట్టు. నీ డెమోకి కూడా అలాంటిది ఒకటి వెతుక్కో. నార్వే అడవి గురించి గుంటూరులో కూర్చుని రాయకు.

మీ అమ్మగారి సంగతి. ఆవిడ భయాన్ని కొట్టిపారేయకు. ఇటలీలోనే మిలాన్ చుట్టుపక్కల ‘సైతాను మృగాలు’ అని పిలిచిన ఒక ముఠా 2004లో పట్టుబడింది. 1998లో ఒక కుర్రవాణ్ణీ ఒక అమ్మాయినీ చంపి అడవిలో పూడ్చిపెట్టారు. ఆ ముఠాలో కొందరు మెటల్ వాయించినవాళ్లే. మత్తుమందులు, ఒకరి పెత్తనం కింద మిగతావాళ్లు నలిగిపోవడం, ఇవి కలిసి చేయించిన ఘోరం అది. సంగీతం చేయించలేదు. కానీ ఒక తల్లికి ఆ తేడా దూరం నుంచి తెలియదు కదా. ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాట వినిపించు. యాకులా ఆర్గన్‌తో మొదలుపెట్టు. ఏం వాయిస్తున్నావో, ఎవరితో వాయిస్తున్నావో ఆవిడకి తెలియాలి. విభూతి పెట్టించుకునే వెళ్లు.


ఖరహరప్రియ (విజయవాడ, వయొలిన్)

నేను ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. మెటల్ మా తమ్ముడి వల్ల అలవాటైంది. స్వరాల వైపు నుంచి కొంచెం చెప్తాను, మిర్చియార్డు గారికి పనికొస్తుందేమో.

ఈ సంగీతంలో అందరూ చెప్పే ‘దెయ్యపు అంతరం’ ఒకటుంది. షడ్జమం (సా) నుంచి ‘ప్రతి మధ్యమం’ అనే స్వరానికి, అంటే రెండు మధ్యమాల్లో పైదానికి, ఉన్న దూరం. చర్చి దాన్ని నిషేధించిందని ఇంటర్నెట్‌లో చాలామంది రాస్తారు, దానికి ఆధారం లేదు. సంగీత పాఠాల్లో అది పాడటం కష్టం కనుక తప్పించమనేవారు. దెయ్యం పేరు పెట్టి రాసిన గ్రంథాలు 18వ శతాబ్దం మొదట్లో కనిపిస్తాయి.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం అనిపించేది ఏమిటంటే, ఆ స్వరం మన కల్యాణి రాగంలో ఉంది. పెళ్లిలో, కచేరీలో, గుళ్లో ఎక్కడైనా పాడతాం. ఎవరూ భయపడరు. కారణం నాకు తెలిసినంతలో రెండు. మనకి వెనకాల తంబురా మీద పంచమం మోగుతూనే ఉంటుంది. ప్రతి మధ్యమం దాన్ని ఆనుకుని, గమకంతో పైకి ఒరుగుతుంది. దానికి ఇల్లు పక్కనే ఉంది. ఇటలీ బ్యాండ్ల రిఫ్‌లో పంచమం తీసేస్తారు. సా, దాని మీద నేరుగా ప్రతి మధ్యమం, గమకం లేకుండా, ఊపకుండా, బల్ల మీద మేకు కొట్టినట్టు. ఎటూ పోనివ్వరు. స్వరం ఒకటే, దిక్కు లేకుండా చేశారు.

ఒక ప్రయోగం చెప్తాను, ఇంట్లో చేసి చూడండి. గిటారు మీద మామూలుగా పట్టే పవర్ కార్డ్ అంటే సా పా. అందులో పా పట్టిన వేలు ఒక్క మెట్టు (ఫ్రెట్) కిందికి జరపండి. అదే రిఫ్ నెమ్మదిగా, బీట్‌కి బీట్‌కి మధ్య చోటు వదిలి వాయించండి. తేడా వెంటనే తెలుస్తుంది. తర్వాత పక్కనున్న శుద్ధ రిషభం కలపండి. అది కలిస్తే హనుమతోడి ఛాయ వస్తుంది, పాశ్చాత్యులు ఫ్రిజియన్ అంటారు. ఇటలీ వాళ్ల కీబోర్డు వరసల్లో మాత్రం కీరవాణి ఎక్కువ వినిపిస్తుంది నాకు, హార్మోనిక్ మైనర్. ఒపెరా నైన్‌లో కీబోర్డు ముందుకొచ్చే చోట్ల కీరవాణి పట్టుకుని చూడండి.

ఇంకొక్కటి. పాశ్చాత్య చావుపాటలన్నిటికీ మూలం లాంటి వరస ‘దియేస్ ఇరే’. పాత రోమన్ పూజలో చనిపోయినవారి కోసం పాడేది. మొదటి ఎనిమిది స్వరాలు మన లెక్కలో గ రి గ స, రి ని స స. గాంధారం సాధారణం, రిషభం చతుశ్రుతి, నిషాదం కైశికి, కింది స్థాయిది. మొత్తం ఖరహరప్రియ స్వరాలే! నా పేరు చూసి చెప్తున్నాను అనుకోకండి, నిజంగానే. సినిమాల్లో, మెటల్‌లో ఎన్నోచోట్ల మొదటి నాలుగు స్వరాలే దొర్లుతుంటాయి. భయమంతా ఆ నాలుగింటి కింద ఉన్న ఎనిమిది వందల ఏళ్ల వాడుకలో ఉంది. రాగంలో లేదు.


గుణదల_కొండ (విజయవాడ)

నేను ఈ సంగీతం పెద్దగా వినే మనిషిని కాను. మా అబ్బాయి వింటాడు. ఈ చర్చ వాడే చూపించాడు. కానీ పైన అన్నయ్య “తిరగేసిన పూజ” అన్నారు చూడండి, ఆ పూజ వైపు నుంచి నేను చెప్పాలి.

మాది గుణదల. మా తాతయ్య వాళ్లు కొండ కింద అనాథాశ్రమం దగ్గరే పెరిగారు. ఇక్కడ మాత విగ్రహం 1924లో పెట్టింది ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి గారు. ఈ ప్రాంతంలో చాలా విచారణలు, అంటే చర్చిలు, మిలాన్ నుంచి వచ్చిన గురువులు కట్టినవే. కాబట్టి ఇటలీ కథోలికం మాకు ఎక్కడిదో కాదు. మా అమ్మమ్మ చిన్నప్పుడు దివ్యబలిపూజ అంతా లాటిన్‌లోనే. ఆవిడకి అర్థం తెలియదు కానీ మాటలన్నీ నోటికి వచ్చు. ఎవరైనా చనిపోతే గురువు నల్లటి పూజావస్త్రం వేసుకునేవారట. శవం అక్కడ లేకుండా పూజ జరిగితే, చర్చి మధ్యలో ఖాళీ పేటికలాంటిది పెట్టి దాని మీద నల్లగుడ్డ కప్పి చుట్టూ కొవ్వొత్తులు పెట్టేవారు. సాంబ్రాణి, గంట, ఆ ఖరహరప్రియ చెల్లెమ్మ చెప్పిన పాట. లోపల ఎవరూ లేరని తెలిసినా పిల్లలు దాని దగ్గరికి వెళ్లేవారు కాదని అమ్మమ్మ చెప్పేది. 1970 తర్వాత ఆ పాట పూజలోంచి తీసేశారు, ఆ నల్లగుడ్డ కూడా మాయమైంది. ఇప్పుడు మా దగ్గర ఊదారంగో తెలుపో వేస్తారు, పాటలన్నీ తెలుగులో.

మా అబ్బాయి మార్చురీ డ్రేప్ బొమ్మలు చూపించినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అమ్మమ్మ చెప్పిన ఆ నల్లగుడ్డే. చర్చి వదిలేసిన వస్తువులన్నీ వీళ్లు ఏరుకుని దాచుకున్నారు. లాటిన్ మాట, కొవ్వొత్తి, ఆర్గన్, గంట. ఇటలీలో చావుని దాచిపెట్టరు. రోమ్‌లో కపూచిన్ సన్యాసుల ఎముకలతో అలంకరించిన గదులున్నాయి. పలెర్మోలో వేల శవాలు బట్టలతో సహా గోడలకి నిలబెట్టి ఉన్నాయి. ఆ దేశపు పిల్లలు అవి చూస్తూ పెరుగుతారు. అలాంటి చోట నుంచి ఇలాంటి పాట రావడం నాకు వింతగా లేదు.

నచ్చనిది కూడా చెప్తాను. సత్ప్రసాదాన్ని (పూజలో మేం తీసుకునే పవిత్ర అప్పాన్ని) అవమానించే పాటలు, బొమ్మలు నేను భరించలేను. మా ఇంట్లో మోగనివ్వను. మా అబ్బాయి ఆ మాట గౌరవిస్తాడు. కానీ మృతుల గురించి, ఆత్మల గురించి భయంతో పాడేది వేరు. నవంబరు 2న సమాధుల పండుగకి మేమూ సమాధుల మీద పూలు చల్లి, చీకటిపడేదాకా కొవ్వొత్తులు వెలిగిస్తాం. చనిపోయినవాళ్లు ఎక్కడో ఉన్నారని నమ్మేవాళ్లకే ఆ పాట తగులుతుంది. బాబూ, మీ అమ్మగారు భయపడ్డారంటే ఆవిడకి నమ్మకం ఉంది. ఆ పాటలు రాసినవాళ్లకి కావలసిన శ్రోత ఆవిడే. ఆవిడతో గట్టిగా వాదించకు.


మిర్చియార్డు_రాత్రి (గుంటూరు)

అందరికీ చేతులెత్తి దండం. ఇంత వస్తుందనుకోలేదు. గుణదల అమ్మగారూ, మీ మాటలు మా అమ్మకి చదివి వినిపించాను. “ఆవిడ కూడా తల్లే కదా” అంది. నల్లగుడ్డ సంగతి రెండోసారి చదివించుకుంది.

ఖరహరప్రియ అక్కా, మీరు చెప్పినట్టు పా వేలు ఒక మెట్టు కిందికి జరిపి చూశా. రిఫ్ అదే, మనిషే మారిపోయాడు. మాకు ఇన్నాళ్లూ వేగమే అడ్డమైంది. నా ఫ్రెండ్ డ్రమ్స్ కొట్టడం ఆపిన చోటే పాట మొదలవుతోంది.

స్టూడియో అన్నా, చెట్టు వెతుక్కోమన్నావు. నాకు చెట్టు దొరకలేదు, ఛాంబర్ దొరికింది. పంట రాకముందు, డిసెంబరు జనవరిలో, మా దగ్గర ఒకటి రెండు ఛాంబర్లు పూర్తిగా ఖాళీ అవుతాయి. టిక్కీలన్నీ (మిర్చి బస్తాలన్నీ) పోయాక లోపల లైటు ఒక్కటే. నేల మీద ఎర్రటి పొడి, పాత ఘాటు. నడిస్తే దగ్గొస్తుంది. మిరప టిక్కీలు నిండుగా ఉన్నప్పుడు లోపల మాట్లాడితే మాట నోటి దగ్గరే చచ్చిపోతుంది. ఖాళీ అయ్యాక చప్పట్లు కొడితే శబ్దం పైకప్పు దాకా వెళ్లి, కాసేపు అక్కడే తిరిగి, అప్పుడు వస్తుంది. మా ఓనర్‌ని అడిగా. మెషినరీ ఆపిన ఛాంబర్ అయితే ఆదివారం పగలు వాడుకోమన్నారు, హమాలీలు లేనప్పుడు. పాట కూడా దాని గురించే రాస్తున్నా. తాళం వేసిన ఖాళీ ఛాంబర్లో రాత్రి ఎవరో టిక్కీలు లెక్కపెడుతుంటారు. ఇది మా దగ్గర పాత వాచ్‌మన్లు నిజంగానే చెప్పుకునే మాట.

రెండు డౌట్లు. పక్క ఛాంబర్ కంప్రెసర్ మోత గుయ్‌మని వస్తూనే ఉంటుంది, దాన్ని ఎలా తీసేయాలి? గంట శబ్దం పెట్టాలని ఉంది. గుడి గంటా, చర్చి గంటా?


గవర్నరుపేట_స్టూడియో (విజయవాడ)

తమ్ముడూ, ఆ మోత తీయకు! ఎక్కడా దొరకని డ్రోన్ (తంబురాలా ఆగకుండా సాగే స్వరం) నీకు ఊరికే దొరికింది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మోటార్ల మోత దానికి రెట్టింపు 100 దగ్గర గట్టిగా ఉంటుంది. గిటారు మీద జి స్వరం 98. అంటే మోత జి కంటే సుమారు 35 సెంట్లు పైన (ఒక ఫ్రెట్ దూరానికి వంద సెంట్లు). ట్యూనర్‌లో గిటారు మొత్తం ఆ మేరకు పైకి శ్రుతి చేసుకుని పాట జి మీద కట్టు. ఇక కంప్రెసరే నీ తంబురా. ఖరహరప్రియ గారు చెప్పిన పంచమం లేని తంబురా. ముందు ఒకసారి ఫోన్లో ఏదైనా స్పెక్ట్రమ్ యాప్ పెట్టి మోత ఎక్కడ నిలుస్తుందో చూడు. మోటారు లోడును బట్టి పక్కన ఇంకొన్ని స్వరాలు కూడా వినపడొచ్చు.

గంట విషయంలో తొందరపడకు. చర్చి గంటకి ఒక లక్షణం ఉంది. కొట్టిన స్వరంతో పాటు లోపల ఒక మైనర్ థర్డ్, అంటే సాధారణ గాంధారం, మోగుతుంది. కింద ఒక స్థాయి తక్కువలో గుమ్మని మూల స్వరం సాగుతుంది. అందుకే పండుగ రోజు కొట్టినా దానిలో ఒక దిగులు ఉంటుంది. మన గుడి గంటలని ఆ గాంధారం కోసం అలా శ్రుతి చేయరు. గట్టిగా పైస్వరాలతో మోగి మనిషిని నిద్రలేపుతాయి. ఇటలీ వాళ్లకి వాళ్ల గంట సరిపోయింది. నీ పాటలో చర్చి లేదు కాబట్టి అది పెడితే అరువు సొమ్ములా ఉంటుంది. అమ్మవారి గంట అసలే వద్దు. ఆ ఛాంబర్ తలుపు ఉంది చూడు, ఆ మందపాటి ఇన్సులేషన్ తలుపు, దాని ఇనుప గొళ్లెం ఒకసారి గట్టిగా వేసి రికార్డ్ చెయ్. దాన్ని సగం వేగంతో నడిపించు. పాట ఆగే ప్రతి చోటా అది పడాలి.

మైకులు రెండు చాలు. ఒకటి డ్రమ్స్‌కి కాస్త దూరంలో తల ఎత్తున, రెండోది ఛాంబర్ చివర మూల గోడ వైపు తిప్పి. మిక్స్‌లో రెండోదాన్నే ఎక్కువ పెట్టు. రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) బటన్ ముట్టుకోవద్దు, గది నీకు ఇచ్చింది చాలు. డ్రమ్ కిట్ కింద పాత గోనెసంచులు పరిస్తే కిక్ డ్రమ్ గుల్లగా మోగదు. బేస్ గిటారు ఎవరు వాయిస్తున్నారో చెప్పలేదు నువ్వు. మార్చురీ డ్రేప్ దారి అనుకుంటే బేస్ లేకుండా కుదరదు.


బెజవాడ_బేస్

నేను వస్తా. ఆదివారాలు ఖాళీనే. బేస్, యాంప్ రెండూ నావే. మాస్కులు తీసుకొస్తా, మీ మిరప ఘాటుకి పాట మధ్యలో ఎవడైనా తుమ్మితే మళ్లీ మొదటి నుంచి తీయాలి. ఏ ఆదివారమో చెప్పు బ్రో, బస్టాండ్ నుంచి ఏటుకూరు రోడ్డుకి ఆటో మాట్లాడుకుంటా.


మిర్చియార్డు_రాత్రి (గుంటూరు)

సంక్రాంతి దాటిన మొదటి ఆదివారం, పొద్దున పది. ఆటో వద్దు అన్నా, బస్టాండ్‌కి బండి వేసుకుని నేనే వస్తా. యాంప్ నా ముందు పెట్టుకుందాం. మధ్యాహ్నం అన్నం అమ్మ పంపిస్తానంది, ఎంతమందికో కనుక్కోమంది.